పెట్టే చేతికీ, అడిగే నోటికీ మధ్య



వీధి కుళాయి నాలుగు రోజులు రాకపోతే మనం ఏం చేస్తాం? ముందు పక్కింటావిణ్ణి అడుగుతాం, “మీకు వస్తోందాండీ?” అని. ఆవిడకీ రావడం లేదంటే కొంచెం తృప్తి! సాయంత్రం ఇంటాయన రాగానే ఆయన చెవిన వేస్తాం. ఆయన ఎవరితోనో అంటారు. ఆ ఎవరో ఇంకెవరితోనో అంటారు. నీళ్లిచ్చే ఆఫీసు ఒకచోట ఉంటుంది, నీళ్లు కావలసిన బిందె ఒకచోట ఉంటుంది. ఈ రెండింటి మధ్యా మాట మోసేది ఎవరు? ఈ వేళ మనం చెప్పుకోబోయే సంగతి అదే.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కాని స్వరాజ్యం వచ్చిన కొత్తలో దేశాన్ని నడిపే పెద్దలకి ఇదే పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. ఢిల్లీలో ప్రణాళిక ఉంది, కొంతో గొప్పో డబ్బుంది. పల్లెలో అవసరం ఉంది. మధ్య దారి లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా? ఆ దారి వెయ్యడానికి జీతం బత్తెం లేని ఆడవాళ్ల కమిటీలను నమ్ముకున్న ఒక తెలుగు ఆడపడుచు ఉన్నారు. ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆవిడ పేరు వినని వాళ్లు మనలో ఉండరు. అయితే ఆవిడ ఏర్పాటు చేసిన ఆ కమిటీల సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

కథ 1952లో మొదలవుతుంది. ఆ ఏడు అక్టోబరు 2న, గాంధీజీ పుట్టినరోజున, దేశంలో 55 చోట్ల కమ్యూనిటీ ప్రాజెక్టులు ప్రారంభించారు. తెలుగులో సమాజాభివృద్ధి పథకాలన్నారు. కొన్ని పదుల ఊళ్లను కలిపి ఒక బ్లాకు చెయ్యడం, దానికొక అధికారిని వెయ్యడం, కొన్ని ఊళ్లకి ఒక గ్రామసేవకుణ్ణి పంపడం, ఇదీ పద్ధతి. ఆ గ్రామసేవకుడు రైతుకి మంచి విత్తనం గురించి చెప్పాలి, బావి తవ్వించాలి, రోడ్డు వేయించాలి, బడి కట్టించాలి. ఆలోచన మంచిదే. లోటెక్కడ ఉందో మీరే చెప్పండి చూద్దాం.

ఆ గ్రామసేవకుడు మగవాడు! ఊళ్లో రచ్చబండ దాకా వస్తాడు, పొలం గట్టు దాకా వెడతాడు. వంటింటి గడప దాటి లోపలికి రాలేడు కదా. నెలలు నిండిన పిల్లకి పురుడు ఎవరు పోస్తున్నారో, ఏ కొడవలితో బొడ్డు కోస్తున్నారో, తల్లి కూలికి పోతే చంటిపిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారో, పొయ్యి పొగకి ఇల్లాలి కళ్లు ఎలా మండుతున్నాయో అతనికేం తెలుస్తుంది? ఏ ఇల్లాలు అతనితో చెబుతుంది? అంటే ప్రభుత్వం ఊరి దాకా వచ్చింది గాని, ఊళ్లో సగం మంది దగ్గరికి రాలేకపోయింది.

ఈ లోటు కనిపెట్టిన వాళ్లలో ముఖ్యులు దుర్గాబాయమ్మ. అప్పటికి ఆవిడ ప్రణాళికా సంఘంలో సభ్యురాలు. ఆవిడకి ఈ చూపు ఎక్కడ నుంచి వచ్చిందో తెలియాలంటే రెండు ముక్కలు వెనక్కి వెళ్లాలి.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదని తన దారి తాను చూసుకున్నారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడ ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఈ పిల్లని వాలంటీరుగా నిలబెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు. టిక్కెట్టు లేదు. ఈ పిల్ల ఆపేసింది! నిర్వాహకులు కంగారుపడి వచ్చినా, టిక్కెట్టు కొన్నాకనే లోపలికి పంపింది. నెహ్రూ గారు కోప్పడకుండా మెచ్చుకున్నారని చెబుతారు. ఈ కథని మనం పిల్లలకి ధైర్యం నేర్పడానికి చెబుతాం. నాకు మాత్రం దీంట్లో ఇంకో సంగతి కనబడుతుంది. వాలంటీరు అంటే పెద్దవాళ్లు వచ్చినప్పుడు దండ వేసే మనిషి కాదని, అప్పగించిన పనికి జవాబుదారీ వహించే మనిషి అని ఆ పిల్లకి పధ్నాలుగో ఏటే తెలుసు.

తర్వాత ఆవిడ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. బయటికి వచ్చాక చదువు మీద పడ్డారు. ఇంటి దగ్గర చదువుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకి కూర్చున్నారు. అక్కణ్ణుంచి బి.ఏ., ఎం.ఏ., ఆ పైన లా. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లని కూర్చోబెట్టి ఆ బెనారస్ మెట్రిక్‌కే చదివించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలై దేశానికి చట్టం రాసిన వాళ్ల సరసన కూర్చున్నారు.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. దాన్ని ఎవరు పంచాలి? మామూలుగా అయితే ఒక శాఖ, ఒక కార్యదర్శి, ఫైళ్లు. అలా కాకుండా ప్రజాసేవలో ఉన్నవాళ్లే, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లే ఉన్న ఒక బోర్డు పంచాలని దుర్గాబాయమ్మ వాదం. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆవిడే మొదటి అధ్యక్షురాలు. 1962 దాకా ఆ బాధ్యత ఆవిడదే. మరుసటి ఏడు రాష్ట్రాలలో కూడా సలహా బోర్డులు వేశారు.

ఇక అసలు విషయం. 1954లో ఈ బోర్డు సంక్షేమ విస్తరణ పథకాలని ప్రారంభించింది. ఒక్కొక్క పథకం కిందా పక్కపక్కనే ఉన్న సుమారు 25 ఊళ్లు, ఇరవై వేల చిల్లర జనం. వాటిల్లో కొన్ని ఊళ్లలో కేంద్రాలు. కేంద్రంలో పసిపిల్లలకి బాలవాడి, ఆడవాళ్లకి రాత్రి చదువు, కుట్టుపని, నేతపని, పురుళ్ల సాయం. పని చెయ్యడానికి గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనులు నేర్పే టీచరు. డబ్బు కొంత కేంద్ర బోర్డుది, కొంత రాష్ట్ర ప్రభుత్వానిది, కొంత ఊరి చందా.

మరి నడిపేది ఎవరు? దాని కోసం వేసినదే ప్రాజెక్టు అమలు కమిటీ. ఆ ప్రాంతంలో ఉండే ఆడవాళ్లే అందులో ఎక్కువ మంది. అధ్యక్షురాలూ స్థానికురాలే. ఎవరికీ జీతం లేదు.

ఒక్కసారి ఊహించుకోండి. 1955లో అలాంటి కమిటీలో మన అమ్మమ్మ వయసావిడ ఒకరున్నారు. పొద్దున్నే వంట ముగించుకుని బయలుదేరాలి. బండి మీదో, నడిచో ఆ ఊరు చేరాలి. కేంద్రానికి చోటు కావాలి. మునసబు గారి పాత వసారా అడగాలి. వసారా ఇస్తారు సరే, అక్కడికి పల్లెలోని అన్ని పేటల పిల్లలూ రావచ్చునా? ఆ మాట నోరు తెరిచి అడగాల్సింది ఈవిడే. పై ఊరి నుంచి పెళ్లికాని పిల్ల గ్రామసేవికగా వస్తుంది. ఆ పిల్లకి పడుకునే చోటు చూడాలి, ఊళ్లో చెవులు కొరుక్కునే వాళ్లకి సమాధానం చెప్పాలి. నెలాఖరుకి పాలపొడి లెక్క, సూదీ దారం లెక్క, చందా లెక్క రాయాలి. “ఈ ఊరికి కుట్టుమిషను కంటే ముందు నర్సమ్మ కావాలి” అని పైకి ఒక కాగితం రాయాలి. ఆ చివరి పనే అన్నింటికంటే పెద్దది. ఎందుకంటే ఢిల్లీలో కూర్చున్న బోర్డుకి ఆ ఊరి సంగతి తెలిసేది ఆ కాగితం వల్లనే. అది రాష్ట్ర బోర్డుకి వెళ్లి, అక్కణ్ణుంచి కేంద్ర బోర్డుకి చేరాలి.

ఈ పనిలో మరో చిక్కు బయటపడింది. గ్రామసేవికలు, నర్సులు, బాలవాడి టీచర్లు కావాలి గాని, పల్లెల్లో అంత చదివిన ఆడపిల్లలు లేరు. పట్నం పిల్లలు పల్లెకి వచ్చి నిలవరు. పల్లెల్లోనేమో భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, నాలుగో అయిదో చదివి ఆగినవాళ్లు ఎందరో ఉన్నారు. పని చెయ్యాలని ఉంది, సర్టిఫికెట్టు లేదు. దీనికి 1958లో బోర్డు ఒక ఉపాయం చేసింది. అదే వయోజన మహిళలకి సంక్షిప్త విద్యాకోర్సు. ఏళ్ల తరబడి చదవవలసింది రెండేళ్లలో కుదించి చదివించి పరీక్షకి పంపడం. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ చేసిన పనే దేశమంతటికీ పథకం అయిందన్నమాట. నా చదువు కూడా మెట్రిక్‌తో ఆగింది గనక కాబోలు, ఈ కోర్సు సంగతి తెలుసుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇరవై అయిదేళ్ల ఆడది, బిడ్డ తల్లి, పలకా బలపం పట్టుకుని మళ్లీ బల్ల మీద కూర్చోవడానికి ఎంత గుండె కావాలో చెప్పండి!

అయితే అంతా బాగానే జరిగిందని చెబితే అది చరిత్ర అనిపించుకోదు. ఈ కమిటీలలో లోపాలు ఉన్నాయి. సభ్యులను ఊరివాళ్లు ఎన్నుకోలేదు, పైవాళ్లు నియమించారు. తీరిక ఉండి, నాలుగు మాటలు మాట్లాడగలిగి, బండి కట్టించుకోగలిగిన ఇళ్ల ఆడవాళ్లే చాలా చోట్ల కమిటీల్లో ఉన్నారు. కూలికి వెళ్లే ఆడమనిషికి అందులో కుర్చీ లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదంటారు. మరి వడ్డించే ఆవిడకి మన పేటే తెలియకపోతే?

ఈలోగా ఇంకో మార్పు వచ్చింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, అభివృద్ధి పనులు అధికారుల చేతిలో కాకుండా ఎన్నికైన పంచాయతీల చేతిలో ఉండాలని చెప్పింది. న్యాయమైన మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1న పంచాయతీరాజ్ వచ్చింది. పంచాయతీ సమితుల్లో ఆడవాళ్ల మాటేమిటి అంటే, స్త్రీ శిశు సంక్షేమంలో ఆసక్తి ఉన్న ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవాలని ఆ కమిటీ సూచించింది. అంటే అంతమంది మగవాళ్ల మధ్య ఇద్దరు, అదీ వాళ్లు పిలిస్తే వచ్చి కూర్చునే ఇద్దరు. అదే కాలంలో సంక్షేమ విస్తరణ పథకాలని బ్లాకులతో కలపడం మొదలుపెట్టారు. కలపడంలో తప్పు లేదు. ఒకే ఊళ్లో రెండు పథకాలు వేరుగా నడవడం దండుగే. కాని కలిపేసరికి ఆడవాళ్ల కమిటీకి సొంతంగా ఉన్న సంచీ, సొంతంగా పైకి వెళ్లే దారి, రెండూ సన్నబడ్డాయి. బాలవాడి మిగిలింది, కుట్టుమిషను మిగిలింది. “ముందు నర్సమ్మ కావాలి” అనే కాగితానికి మాత్రం బ్లాకు ఫైళ్లలో చోటు తగ్గింది.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. కమిటీకి రెండు పనులుంటాయి. పైనుంచి వచ్చినది కిందికి చేర్చడం ఒకటి. కింది మాట పైకి చేర్చడం రెండోది. ఏ ప్రభుత్వానికైనా మొదటి పని చేసే కమిటీలంటే ముద్దు. ఉచితంగా చేతులు దొరుకుతాయి గనక. రెండో పని చేసే కమిటీ అంటే కొంచెం చిరాకు. కాని ఆ రెండో పని లేకపోతే మొదటిది కూడా సరిగ్గా జరగదు. ఎవరికి ఏం కావాలో తెలియకుండా పంచితే కొన్నిచోట్ల మూలుగుతుంది, కొన్నిచోట్ల అందదు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడిగే నోరు కమిటీకి ఉండాలి.

ఇది పల్లెల సంగతి కదా, మన పట్నంవాళ్లకేమిటి అంటారా? హైదరాబాదు చూడండి. 1967లో అక్కడ నగర పాలక సంస్థ కింద పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలైంది. కేంద్ర ప్రభుత్వం అప్పట్లో కొన్ని నగరాల్లో ప్రయోగంగా పెట్టిన వాటిల్లో ఇదొకటి. చాలాచోట్ల అవి నీరసించిపోయాయి. హైదరాబాదులో మాత్రం నిలదొక్కుకుంది. కారణం బస్తీ సంఘాలు, మహిళా మండలులు. ఉద్యోగులు బస్తీకి వెళ్లి “మేమిది తెచ్చాం, తీసుకోండి” అనడానికి బదులు “మీకేం కావాలి?” అని అడగడంతో మొదలుపెట్టారు. ఒకచోట బాలవాడి అన్నారు, ఒకచోట కుట్టు కేంద్రం అన్నారు. తర్వాత యునిసెఫ్ సాయం వచ్చింది. 1970ల చివరికి ఇళ్ల దాకా వచ్చింది వ్యవహారం. జాగాకి ప్రభుత్వం పట్టా, కట్టడానికి బ్యాంకు అప్పు, కట్టుకునేది బస్తీ వాళ్లే. గుడిసెవాసికి బ్యాంకు అప్పివ్వడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. “వీళ్లు తీరుస్తారు” అని మధ్యన ఒక సంఘం నిలబడింది గనకనే అది వీలైంది.

మరి కింది మాట పైకి వెడితే ఎంత దూరం వెడుతుందో చూడాలంటే నెల్లూరు జిల్లాకి వెళ్లాలి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా కూలి చేసుకుని వచ్చిన ఆడవాళ్లకి రాత్రిపూట లాంతరు దగ్గర వాలంటీర్లు చదువు చెప్పేవారు. వాళ్లకీ జీతం లేదు. వాచకంలో ఒక పాఠం సారాతో కూలిన సంసారం గురించి. అది చదివిన ఆడవాళ్లు అక్షరాలతో ఆగలేదు. “ఇది మా ఇంటి కథే” అన్నారు. దూబగుంటలో రోశమ్మ మొదలైన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్ల కథ తర్వాతి పుస్తకంలో పాఠమైంది. అది చదివి ఇంకో ఊరు, దాన్ని చూసి మరో ఊరు. 1992కి జిల్లా అంతా అంటుకుంది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు.

ఇక్కడ చిత్రం గమనించండి. చదువు చెప్పించిందీ ప్రభుత్వమే, సారా పాట పెట్టి డబ్బు చేసుకునేదీ ప్రభుత్వమే! చదువు కిందికి పంపితే, ఆ దారినే నిలదీసే ప్రశ్న పైకి వచ్చింది. ఖజానాకి ఎంతో రాబడి తెచ్చే సారాని 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, దాన్ని సడలించారు. గెలిచినదాన్ని నిలబెట్టుకోవడానికి సంఘం కూడా నిలబడి ఉండాలని ఆ రెండేళ్లూ నేర్పాయి.

సారా మీద పోయే డబ్బు మిగిలితే ఏం చెయ్యాలి? రోజుకి రూపాయి చొప్పున దాచుకుందామనుకున్నారు నెల్లూరు ఆడవాళ్లు. అవే పొదుపులక్ష్మి సంఘాలు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం మన రాష్ట్రంలో అంతగా పాకిపోవడానికి ఈ ఊపు కూడా ఒక కారణం. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సంఘం లేని ఊరు కనబడదు. పట్టణాల పేదల కోసం 2007లో మెప్మా వచ్చాక మన వీధి చివర పేటల్లో కూడా సంఘాలు వెలిశాయి. మన ఇంట్లో పని చేసే అమ్మాయి “అమ్మా, రేపు మీటింగుంది, ఆలస్యంగా వస్తా” అంటే ఆ మీటింగు దీనికి సంబంధించినదే కావచ్చు. విసుక్కోకండి. ఆ అమ్మాయి అక్కడ సంతకం పెడుతుంది, అప్పు లెక్క చూస్తుంది, బ్యాంకు మేనేజరుతో మాట్లాడుతుంది. 1955 నాటి కమిటీలో ఆ అమ్మాయికి లేని కుర్చీ ఇప్పుడు ఉంది. అంత దూరం వచ్చాం.

కాని పాత జబ్బు పూర్తిగా పోలేదు. సభకి జనం కావాలంటే సంఘాలు, సర్వే చెయ్యాలంటే సంఘాలు, ఊరేగింపుకి సంఘాలు. ఎంతసేపూ ఆడవాళ్ల కాళ్లూ చేతులూ కావాలి. “ఈ పథకం మా పేటకి పనికిరాదు, ఫలానాది కావాలి” అని వాళ్లంటే వినే చెవి ఎంత ఉంది? ఇది అడగవలసిన ప్రశ్న. ఇంట్లో కూడా అంతే కదండీ. పెళ్లి పనులన్నీ మన చేత చేయిస్తారు, ముహూర్తం మాత్రం చావట్లో కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తారు!

మనమంతా కాలనీ సంఘాల్లోనో, అపార్టుమెంటు కమిటీల్లోనో, పిల్లల బడి కమిటీల్లోనో ఉన్నవాళ్లమే. లేకపోతే రేపు ఎవరో వచ్చి “మీరూ ఉండండమ్మా” అంటారు. అప్పుడు ఊరికే తల ఊపకండి. నాలుగు సంగతులు అడగండి. మేము వచ్చేది పని చెయ్యడానికేనా, నిర్ణయించడానికి కూడానా? లెక్క అందరి ముందూ చదువుతారా? మా వీధి చివర గుడిసెల్లో ఉన్నావిడకి ఇందులో చోటుందా? మేము పైకి రాసిన కాగితానికి జవాబు వచ్చిందో లేదో ఎవరు చూస్తారు?

దుర్గాబాయమ్మ 1981లో కన్నుమూశారు. ఆవిడ పేరుతో ఆసుపత్రులు, కాలేజీలు ఉన్నాయి. ఆ 25 ఊళ్ల కమిటీల్లో ఎండలో నడిచి, వసారాలు అడిగి, లెక్కలు రాసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు. మీ ఇంట్లో ముసలమ్మగారు ఎవరైనా ఉంటే, మహిళా మండలి అనో బాలవాడి అనో మాట కదిపి చూడండి. వాళ్లలో ఒకావిడ మీ ఇంట్లోనే ఉండి ఉండవచ్చు. ఆవిడ చెప్పేది కాస్త రాసి పెట్టండి. మనవరాళ్లకి పనికొస్తుంది.